చిప్పుకీ రోహిణి కార్తె!

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు పెద్దలు. మరి... రోళ్లే పగిలే ఎండలో గోరంత సిలికాన్ ముక్క సంగతేంటి? రేపోమాపో రాబోయే కంప్యూటర్ ప్రాసెసర్ల గురించి ప్రపంచమంతా ఊహాగానాలు చేస్తుంటే, ఉదయగిరి లాంటి మెట్ట ఊళ్లలో అడగాల్సిన ప్రశ్న ఒక్కటే... 'అది మన ఎండకు తట్టుకుంటుందా?'

నెల్లూరు జిల్లా పశ్చిమాన ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతంలో మే నెల మధ్యాహ్నం అంటే మాటలు కాదు. 42, 43 డిగ్రీలు అక్కడ కొత్తేమీ కాదు. సరిగ్గా అదే పెళ్లిళ్ల కాలం కూడా. మిద్దె కింద చిన్న గదిలోనో, రేకుల షెడ్డులోనో ఉండే ఫొటో స్టూడియోలో పెళ్లి వీడియో ఎడిటింగ్ జరుగుతుంటుంది. పక్కనే డీటీపీ సెంటర్లో శుభలేఖల పని. ఉన్నట్టుండి కంప్యూటర్ నత్తనడక మొదలుపెడుతుంది. లోపలి ఫ్యాను ఈల వేసినట్టు అరుస్తుంది. కాసేపటికి తెర నల్లబడుతుంది. 'వైరస్ పట్టిందేమో' అనుకుంటారు అందరూ. చాలాసార్లు దానికి పట్టింది వైరస్ కాదు... వడదెబ్బ!

సాయంత్రానికి చల్లబడ్డాక మళ్లీ మామూలే. కానీ పెళ్లివారికి ఇవ్వాల్సిన ఆల్బమ్ ఆగిపోతుంది. కాస్త పెద్ద మరమ్మతు అయితే దాదాపు వంద కిలోమీటర్ల దూరంలోని నెల్లూరుకు మోసుకెళ్లాలి. అందుకే కొత్త ప్రాసెసర్ల కబుర్లు వినే ముందు వాటి వేడి గురించీ, దాన్ని చల్లార్చే పద్ధతుల గురించీ తెలుసుకోవడం మంచిది.

చెక్క గరిటె చెప్పే పాఠం

ఉదయగిరి అంటే చాలామందికి గుర్తొచ్చేది దుర్గం. ఆ తర్వాత చెక్క గరిటెలు, చెంచాలు. అడవి కర్రతో ఇక్కడి కళాకారులు చేసే ఈ వస్తువులకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. కుతకుతలాడే పులుసులో చెక్క గరిటె ఎంతసేపు ఉంచినా పిడి చల్లగానే ఉంటుంది. అదే స్టీలు గరిటె అయితే చెయ్యి చురుక్కుమంటుంది. కారణం తెలిసిందే. చెక్క వేడిని ముందుకు పోనివ్వదు, లోహం పోనిస్తుంది.

కంప్యూటర్లో కావాల్సింది సరిగ్గా దీనికి వ్యతిరేకం. ప్రాసెసర్‌లో పుట్టిన వేడి ఎంత తొందరగా బయటికి పోతే అంత మంచిది. అందుకే దాని నెత్తిమీద రాగితోనో, అల్యూమినియంతోనో చేసిన రేకుల దిమ్మె పెడతారు. అదే 'హీట్‌సింక్'. చెక్కతో పోలిస్తే రాగి వేడిని కొన్ని వేల రెట్లు వేగంగా దాటిస్తుంది. రేకుల్లోకి పాకిన వేడిని ఫ్యాను గాలి ఊదేస్తుంది.

మంచి కూలర్లలో రాగి గొట్టాలు కూడా కనిపిస్తాయి. వాటిలో ఓ చిత్రముంది. గాలి తీసేసి మూసిన గొట్టంలో కొద్దిగా నీరు ఉంటుంది. చిప్పు దగ్గర అది ఆవిరై పైకి పోతుంది. చల్లని చివర మళ్లీ నీరై వెనక్కి పాకుతుంది. కరెంటు అక్కర్లేదు, మోటారు అక్కర్లేదు. లోపలే వాన, లోపలే ఎండ!

మోకరిల్లిన అధిపతి

మొదట్లో ఈ బాధే లేదు. 1978లో ఇంటెల్ తెచ్చిన '8086'లో ట్రాన్సిస్టర్లు 29,000. దానికి ఫ్యానూ లేదు, రేకులూ లేవు. 1993లో పెంటియం వచ్చేసరికి ఆ సంఖ్య 31 లక్షలకు చేరింది. హీట్‌సింక్, ఫ్యాను తప్పనిసరి సరంజామాగా మారిపోయాయి.

ట్రాన్సిస్టర్ అంటే ఓ బుల్లి స్విచ్చు. సెకనుకు వందల కోట్లసార్లు పడుతూ లేస్తూ ఉంటుంది. పడి లేచిన ప్రతిసారీ కాస్త విద్యుత్తు వేడిగా మారుతుంది. వేగం పెరిగితే వేడి పెరుగుతుంది. వేగం కోసం వోల్టేజీ కూడా పెంచితే ఇంకా ఎక్కువ. వోల్టేజీ రెట్టింపయితే వేడి నాలుగు రెట్లవుతుంది మరి!

2001లో ఇంటెల్ సాంకేతిక నిపుణుడు పాట్ గెల్సింగర్ ఓ సదస్సులో ఒక హెచ్చరిక చేశారు. ఇదే ధోరణి సాగితే చిప్పు మీద ఒక్కో చదరపు సెంటీమీటరు వేడి కొన్నేళ్లలో అణు రియాక్టరును, 2015 నాటికి సూర్యుడి ఉపరితలాన్ని అందుకుంటుందన్నది దాని సారాంశం. మూడేళ్లకే ఆ సెగ ఇంటెల్‌కే తగిలింది. 2004లో వచ్చిన పెంటియం 4 'ప్రెస్కాట్' రకం 115 వాట్ల దాకా వేడి పుట్టించింది. 4 గిగాహెర్ట్జ్ చిప్పు తెస్తామన్న మాటను ఆ అక్టోబరులో కంపెనీ వెనక్కి తీసుకుంది. నాటి అధిపతి క్రెయిగ్ బారెట్ ఓ సభా వేదికపై సరదాగా మోకరిల్లి మరీ క్షమించమన్నారు.

ఆ తర్వాత దారి మారింది. ఒకే బుర్రను పరుగెత్తించే బదులు రెండు, నాలుగు, ఎనిమిది బుర్రలు పెట్టడం మొదలైంది. 2006లో వచ్చిన కోర్ 2 డుయో 65 వాట్లతోనే పాతదానికన్నా ఎక్కువ పని చేసింది. అయితే పోటీ ఊరుకుంటుందా! మళ్లీ వేడి పెరిగింది. 2024లో వచ్చిన ఒక ఇంటెల్ చిప్పు 6.2 గిగాహెర్ట్జ్ దాకా వెళ్లింది. అదే తరంలోని ఐ9 రకం గరిష్ఠంగా 253 వాట్లు తీసుకుంటుంది. మూడు సీలింగ్ ఫ్యాన్లు తిరిగేంత కరెంటును పోస్టల్ స్టాంపంత చోట మండించడమన్నమాట!

దాని ఫలితం కూడా కనిపించింది. ఇంటెల్ 13, 14 తరాల్లోని కొన్ని చిప్పులు అవసరానికి మించిన వోల్టేజీ వల్ల తడబడుతున్నాయని 2024లో ఆ కంపెనీయే ఒప్పుకుంది. వారంటీని రెండేళ్లు పొడిగించింది.

రాబోయేవి ఇవేనట!

ఇప్పుడు అందరి చూపూ రెండు పేర్ల మీదే. ఒకటి ఇంటెల్ 'నోవా లేక్'. దీన్ని 2026 చివర్లో తెస్తామని కంపెనీ 2025లోనే చెప్పింది. రెండోది ఏఎండీ 'జెన్ 6'. ఈ కుటుంబంలోని సర్వర్ చిప్పును తైవాన్‌లోని టీఎస్ఎంసీ 2 నానోమీటర్ల పద్ధతిలో తయారుచేయిస్తున్నట్టు ఏఎండీ 2025 ఏప్రిల్లో ప్రకటించింది.

ఇక మిగతావన్నీ పుకార్లే. నోవా లేక్‌లో 52 దాకా కోర్లు ఉంటాయని కొందరంటారు. జెన్ 6 ఏడు గిగాహెర్ట్జ్ దరిదాపులకు వెళ్తుందని ఇంకొందరంటారు. చేతికి వచ్చాక గానీ వీటిలో నిజమెంతో తేలదు. పదేళ్లలో 10 గిగాహెర్ట్జ్ అన్న పెంటియం 4 నాటి అంచనా ఏమైందో ప్రపంచం చూసింది కదా!

పుకార్లకు అతీతంగా కొన్ని మార్పులు మాత్రం కళ్లముందే ఉన్నాయి. ఇంటెల్ '18ఏ' పద్ధతిలో కరెంటు తీగలను చిప్పు వెనుకవైపు నుంచి తెస్తున్నారు. సమాచారం తీగలు ఒకవైపు, కరెంటు తీగలు మరోవైపు. ఇంట్లో మంచినీళ్ల గొట్టాన్నీ మురుగు గొట్టాన్నీ వేరుచేసినట్టు! దీనివల్ల కరెంటు వృథా తగ్గుతుంది. కానీ రెండువైపులా తీగల మధ్య ఇరుక్కున్న ట్రాన్సిస్టర్ల వేడి బయటపడటం కష్టమవుతుంది. ఒకటి దొరికితే ఒకటి పోతుంది మరి.

ఏఎండీది ఇంకో తెలివి. ఆటలకు పేరుపడ్డ దాని 'ఎక్స్3డీ' చిప్పుల్లో అదనపు మెమొరీ పొరను మొదట కోర్ల నెత్తిన పెట్టేవారు. అది దుప్పటిలా వేడిని ఆపేది. 2024 నవంబరులో వచ్చిన 9800ఎక్స్3డీలో ఆ పొరను కిందికి మార్చారు. కోర్లు నేరుగా కూలర్‌కు దగ్గరయ్యాయి. వేగం పెంచుకోవడానికి వీలు దొరికింది. దుప్పటి కప్పుకుంటే ఉక్క, పరుచుకుంటే హాయి!

చల్లార్చే కొత్త దారులు

నీళ్లతో చల్లబరచడం కొత్తదేమీ కాదు. 1985 నాటి 'క్రే-2' సూపర్ కంప్యూటర్ సర్క్యూట్లను కరెంటు పారని ప్రత్యేక ద్రవంలో ఏకంగా ముంచేశారు. బుడగలు కనిపించేవి కాబట్టి దానికి 'బబుల్స్' అని ముద్దుపేరు. 2004లో ఆపిల్ తన పవర్ మ్యాక్ జీ5లో ద్రవంతో చల్లబరిచే ఏర్పాటు చేసింది. ఇప్పుడు ఆ ఏర్పాటు మామూలు దుకాణాల్లోనూ దొరుకుతోంది.

ఇకముందు రాబోయేవి ఇంకా విచిత్రం. మోటారు పంపు లేకుండా ఆవిరి బలంతోనే ద్రవం తిరిగే కూలర్ నమూనాను ఆస్ట్రియా కంపెనీ నాక్టువా 2024లో తైవాన్ ప్రదర్శనలో పెట్టింది. అమెరికాలోని ఫ్రోర్ సంస్థ రెక్కలే లేకుండా సన్నని పొరల కంపనంతో గాలి ఊదే బిళ్లలు తయారుచేసింది. చిప్పు వెనుక వెంట్రుకవాసి కాలువలు చెక్కి వాటిలో ద్రవం పారించే పద్ధతిని పరీక్షించినట్టు మైక్రోసాఫ్ట్ 2025 సెప్టెంబరులో వెల్లడించింది. మామూలు లోహపు పలకలకన్నా మూడు రెట్ల దాకా మెరుగ్గా వేడి లాగుతుందట. అయితే అది డేటా సెంటర్ల కోసం. ఇంటి బల్ల మీదికి రావాలంటే ఇంకా సమయం పడుతుంది.

ఉదయగిరి లెక్క వేరు

ఎన్ని హంగులున్నా ఒక నియమాన్ని దాటడం కష్టం. కుండలో నీళ్లు గది కన్నా చల్లగా ఉంటాయి. కుండ గోడల్లోంచి ఊరిన చెమ్మ ఆవిరవుతూ వేడిని పట్టుకుపోతుంది కాబట్టి. కంప్యూటర్లోని ఫ్యానుకు గానీ, గొట్టాల్లో తిరిగే ద్రవానికి గానీ ఆ వరం లేదు. అవి చిప్పును గదిలో ఉన్న గాలికన్నా చల్లగా చేయలేవు. గది 42 డిగ్రీలుంటే లెక్క 42 నుంచే మొదలు!

ఓ ఉదాహరణ. మంచి కూలర్ ఒక్కో వాటుకు పావు డిగ్రీ చొప్పున వేడెక్కనిస్తుందనుకుందాం. చిప్పు 200 వాట్లు తింటే గదికన్నా 50 డిగ్రీలు ఎక్కువ. ఏసీ గదిలో 25కి 50 కలిపితే 75. హాయిగా నడుస్తుంది. ఉదయగిరి మధ్యాహ్నం 42కి 50 కలిపితే 92. డబ్బా లోపలి గాలి గదికన్నా మరో అయిదారు డిగ్రీలు వేడిగా ఉంటుంది కాబట్టి 97, 98. చాలా చిప్పుల హద్దు 95 నుంచి 105 మధ్యలోనే. హద్దు చేరగానే చిప్పు తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. అంటే... ఎక్కువ ధర పెట్టి కొన్న వేగం ఎండాకాలమంతా పెట్టెలోనే నిద్రపోతుంది!

అదే 65 వాట్ల చిప్పు, వాటుకు అర డిగ్రీ చొప్పున వేడెక్కే చిన్న కూలర్ అనుకోండి. గదికన్నా 33 డిగ్రీలే ఎక్కువ. 42కి కలిపినా 75. డబ్బా వేడి కలుపుకొన్నా 80, 81. రోహిణి కార్తెలోనూ దర్జాగా పనిచేస్తుంది.

నష్టం వేగంతోనే ఆగదు. మదర్‌బోర్డు మీదా, పవర్ సప్లైలోనూ ఉండే కెపాసిటర్ల ఆయుష్షు ప్రతి 10 డిగ్రీలకు సుమారు సగానికి పడిపోతుందన్నది ఎలక్ట్రానిక్స్‌లో పాత లెక్క. అందుకే ఎండాకాలం చాలా మరమ్మతులకు అసలు మూలం ప్రాసెసర్ కాదు, దాని చుట్టూ ఉడికిపోయిన సామగ్రి.

కొనాలా... ఆగాలా?

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. పాత కంప్యూటర్లు చాలావాటికి విండోస్ 11 ఎక్కదు. దాంతో ఇంజినీరింగ్ చదివే పిల్లలున్న ఇళ్లలోనూ, చిన్న దుకాణాల్లోనూ ఇదే చర్చ. పైగా 2025 చివర్లో కృత్రిమ మేధ డేటా సెంటర్ల గిరాకీతో మెమొరీ ధరలు బాగా పెరిగాయి.

చదువుకో, బతుకుతెరువుకో ఇప్పుడే అవసరమైతే పుకార్ల కోసం ఆగడంలో అర్థం లేదు. ఎప్పుడు కొన్నా 'ఇంకో ఆరు నెలల్లో కొత్తది' అనేవాళ్లు ఉంటూనే ఉంటారు. కొనేటప్పుడు గిగాహెర్ట్జ్‌తో పాటు 'ఎన్ని వాట్లు?' అని అడగండి. ఏసీ లేని గదికి 65 వాట్ల రకం చాలు. మిగిలిన డబ్బుతో మంచి కూలర్, గాలాడే డబ్బా, నాణ్యమైన పవర్ సప్లై తీసుకుంటే పదికాలాలు మన్నుతుంది. తర్వాత ప్రాసెసర్ ఒక్కటే మార్చుకోవాలనుకునేవాళ్లు సాకెట్ సంగతి చూసుకోవాలి. తన ఏఎం5 సాకెట్‌ను 2027, ఆ తర్వాత కూడా కొనసాగిస్తామని ఏఎండీ ప్రకటించింది.

1514లో శ్రీకృష్ణదేవరాయలు ఉదయగిరి దుర్గాన్ని గెలిచింది ఒక్క ఊపులో కాదు, నెలల తరబడి ఓపికగా ముట్టడించి. వేడి మీద గెలుపూ అంతే. అద్భుతమైన చిప్పు ఒక్కటి వచ్చి తీర్చేది కాదు. చిన్న చిన్న జాగ్రత్తలే దాన్ని లొంగదీస్తాయి.

ఇవి పాటిస్తే...

* శివరాత్రి వెళ్లగానే, ఎండలు ముదరకముందే డబ్బా తెరిచి దుమ్ము దులపాలి. కరెంటు తీసేసి మెత్తని బ్రష్షుతో తుడవాలి. బ్లోయర్ వాడితే ఫ్యాను తిరగకుండా వేలితో పట్టుకోవాలి.

* చిప్పుకూ హీట్‌సింక్‌కూ మధ్య ఉండే పేస్టు కొన్నేళ్లకు ఎండిపోతుంది. కొత్తది బఠాణీ గింజంత చాలు.

* కంప్యూటర్ బల్లలోని చెక్క అరలో డబ్బాను బిగించకండి. గోడకు జానెడు దూరంలో, పడమటి ఎండ పడనిచోట ఉంచాలి.

* మెట్ట ప్రాంతపు పొడి గాలిలో నీళ్ల ఎయిర్ కూలర్ బాగా పనిచేస్తుంది. గది చల్లబడితే కంప్యూటరూ చల్లబడుతుంది. కానీ ఆ తడిగాలి నేరుగా డబ్బాకు తగలకూడదు.

* మదర్‌బోర్డు సెట్టింగుల్లో వాట్ల పరిమితి తగ్గించుకునే వీలు చాలా ప్రాసెసర్లకు ఉంటుంది. తగ్గే వేగం కొద్దిగానే, తగ్గే వేడి చాలా ఎక్కువ.

* వీడియో ఎడిటింగ్ లాంటి బరువు పనులు తెల్లవారుజామునో, రాత్రో పెట్టుకోండి. ఎండాకాలం పొలం పనికి మన రైతులు పాటించే పద్ధతే ఇది. చిప్పుకీ అదే మేలు!