పరిచయ లేఖ

పరదేశమున కాలుమోపినవాడు మొదట తలదాచుకొనుటకు ఇంత చోటు వెదకును. పిమ్మట మోకరించుటకు ఒక చోటు వెదకును. 1948 జూన్ 22వ తేదీన లండన్ సమీపమునందలి టిల్బరీ రేవులో ‘ఎంపైర్ విండ్రష్’ అను ఓడనుండి దిగిన కరీబియన్ దీవులవారికి, వారి వెనుక వచ్చిన వేలకొలది జనమునకు, మొదటిది సులభముగా దొరకదని తెలియును. రెండవదానిని గూర్చి వారికి చింత లేదు. వారిలో పలువురు ఆంగ్లికన్ సంఘమున పుట్టి పెరిగినవారు. వచ్చినది ఆ సంఘము జన్మించిన దేశమునకే. పుట్టింటికి పోవు ఆడపడుచు పిలుపుకొరకు ఎదురుచూచునా?

వారి నమ్మకమునకు ఆధారము లేకపోలేదు. ఆంగ్లికన్ సంప్రదాయపు ప్రాణము 1662 నాటి సామాన్య ప్రార్థన గ్రంథము. ఏ దేశమందు తెరచినను అవే ప్రార్థనలు, అవే కీర్తనలు, గురువు పలికిన పలుకునకు జనము చెప్పు అవే ప్రతివచనములు. బార్బడోస్‌లోని బిడ్డ వానిని కంఠస్థము చేయును. లండన్‌లోని బిడ్డయు అట్లే చేయును. బయలుదేరునపుడు పలువురు తమ ఊరి గురువు వ్రాసి యిచ్చిన పరిచయ లేఖను పెట్టెలో భద్రపరచుకొని వచ్చిరి. ఈ వ్యక్తి మా సంఘమున ప్రభు సంస్కారము పుచ్చుకొనువాడు, మీవానిగా చేర్చుకొనుడని దాని తాత్పర్యము.

ఆ లేఖ పలుచోట్ల పనికిరాలేదు. ఆదివారమున వారు ఒక బల్లపై కూర్చుండగా ప్రక్కవారు లేచి వేరొక బల్లకు జరుగుచుండిరి. ఆరాధన ముగిసిన పిమ్మట గురువు ద్వారమువద్ద నిలిచి, మర్యాదగా కరచాలనము చేసి, ఇకమీదట రాకున్నచో మేలని, తన సంఘస్థులకు ఇబ్బందిగా నున్నదని చెప్పిన సందర్భములును కలవు. 1961లో దక్షిణ లండన్‌లోని ఒక దేవాలయపు వాకిట ఒక కుటుంబము దేహవర్ణము కారణముగా లోనికి రానీయబడలేదు. అందరును ఇట్లు చేసిరనుట అన్యాయము. ఆదరించిన సంఘములును ఉండెను. కాని త్రోసివేయబడినవారు సంప్రదాయము తెలియనివారు కారు. ఏ పుటలో ఏమున్నదో, ఎప్పుడు మోకరించవలెనో, ఎప్పుడు లేచి నిలువవలెనో వారికి చక్కగా తెలియును. తెలిసియు పరాయివారైరి.

దీనికి మూలము వెనుకటిది. బార్బడోస్‌లో కాడ్రింగ్టన్ చెరకుతోటలు ఆంగ్లికన్ మిషనరీ సంస్థ ఆధీనమునందే ఉండి, బానిసల చెమటతో నడచినవి. ఇంగ్లండులోనైనను దేవాలయపు బల్లలు చాలకాలము ధనిక కుటుంబములు అద్దె చెల్లించి తమవిగా ఉంచుకొనినవే. పేదవారికి మిగిలినది వెనుక చోటు. అయితే ఈ రోగమునకు మందును ఆ సంప్రదాయములోనే కొందరు కనుగొనిరి. 1863లో లండన్ హోబర్న్ పేటలోని మురికివాడల నడుమ ప్రతిష్ఠింపబడిన సెంట్ ఆల్బన్ దేవాలయమున ధూపదీపములతో, ప్రాచీన విధులతో ఆరాధన సాగెను. బల్లలకు అద్దె మాత్రము లేదు. ప్రాచీనతకును ఆదరణకును వైరము లేదని ఆ ఉదాహరణము తెలుపుచున్నది.

తిరస్కృతులైనవారు ఏమి చేసిరి? కొందరు ఇండ్లలో కూడి ప్రార్థించిరి. 1953లో వుల్వర్‌హాంప్టన్‌లో ఆరంభమైన న్యూ టెస్టమెంట్ చర్చ్ ఆఫ్ గాడ్ వంటి పెంతెకొస్తు సంఘములు పలువురకు గూడైనవి. కొందరు మతమునే విడిచిరి. మరికొందరు మాత్రము పట్టు విడువక ప్రతి ఆదివారము వచ్చి అదే బల్లపై కూర్చుండిరి. తుదకు ఆ బల్ల వారిదే అయినది. 1962లో బార్బడోస్‌నుండి వచ్చిన విల్‌ఫ్రెడ్ వుడ్ అను యువకుడు 1985లో క్రాయిడన్ బిషప్పై, ఇంగ్లండు సంఘమున ఆ పదవినెక్కిన మొదటి నల్లజాతీయుడయ్యెను. నేడు లండన్ నడిబొడ్డున పెక్కు దేవాలయములు కరీబియన్, ఆఫ్రికా కుటుంబములవారితో నిండుచున్నవి.

2020 ఫిబ్రవరిలో ఇంగ్లండు సంఘపు మహాసభయైన జనరల్ సినడ్ ఆ తిరస్కారమునకు క్షమాపణ కోరుచు తీర్మానము చేసెను. తీర్మానమును ప్రవేశపెట్టినవాడు 1961లో ఆ కుటుంబమును లోనికి రానీయని దేవాలయమునకే 2020 నాటికి గురువుగా నుండినవాడు. తమ సంఘమున జాతివివక్ష లోతుగా పాతుకొని యున్నదని నాటి కాంటర్బరీ ఆర్చిబిషప్పు జస్టిన్ వెల్బీ సభాముఖమున ఒప్పుకొనెను. మరుసటి ఏట వెలువడిన నివేదిక 47 సూచనలు చేసినది. క్షమాపణ వచ్చినది గాని, అది వినవలసినవారిలో ఎందరో అప్పటికే కన్నుమూసిరి.

ఈ మాట ఆ సంఘమునకు ఒక భారతీయుడు ఎంతో ముందే చెప్పియుండెను. దోర్నకల్ ప్రాంతపు తెలుగువారి నడుమ సేవచేసిన వేదనాయగం సామ్యూల్ అజరయ్య 1910లో ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో మాటలాడుచు, పాశ్చాత్య మిషనరీల త్యాగమును కొనియాడి, తమకు కావలసినది స్నేహమని విన్నవించెను. రెండేండ్లకు ఆయనయే ఆంగ్లికన్ సంఘమున మొదటి భారతీయ బిషప్పయ్యెను. దానము చేయువాడు పైన నిలువవచ్చును. స్నేహము చేయువాడు ప్రక్కన కూర్చుండవలెను. ఆ పరిచయ లేఖలు కోరినదియు అంతకుమించి ఏమియు కాదు. బల్లపై కొంచెము జరిగి కూర్చుండుమని మాత్రమే.