అంచులో మందు దాచుకున్న తూటా

డోన్ కాలేజీల్లో ఎన్‌సీసీ చేసిన పిల్లలకు తుపాకీతో తొలి పరిచయం పాయింట్ 22 రైఫిల్‌తోనే. క్యాంపులో బోర్లా పడుకుని నాలుగైదు తూటాలు కాల్చడం నిమిషాల పని. ఆ తర్వాతిదే అసలు చాకిరీ. ఎన్ని కాలిస్తే అన్ని ఖాళీ గుల్లలూ ఏరి లెక్క అప్పజెప్పాలి. ఒక్కటి తగ్గినా గడ్డిలో మళ్లీ వెతుకులాటే. అంత కష్టపడి ఏరిన ఇత్తడి ముక్కను ఎవరూ తేరిపార చూడరు, డబ్బాలో పడేస్తారు. అదే తూటాతో నడిచే పిస్టల్ మొరాయించినప్పుడు మాత్రం, నన్నడిగితే, తుపాకీ విప్పేముందు చూడాల్సింది ఆ గుల్లనే. జబ్బు ఎక్కడుందో చాలావరకు దానిమీదే తెలిసిపోతుంది.

ఈ తూటా మొత్తం పొడవు ఒక అంగుళం. అందులో గుల్ల 15.6 మిల్లీమీటర్లు. పోలీసుల పిస్టల్ తూటాను తిరగేసి చూస్తే అడుగున నడిమధ్య చిన్న బిళ్ల కనిపిస్తుంది. దాన్ని ప్రైమర్ అంటారు. ఫైరింగ్ పిన్ దాన్ని పొడిస్తే నిప్పు పుడుతుంది. పాయింట్ 22కు ఆ బిళ్ల ఉండదు. గుల్ల అడుగునే బయటికి మడిచి బోలు అంచుగా తీర్చి, ఆ మడతలో నిప్పుమందు పెడతారు. తడిమందును గుల్ల అడుగున వేసి గిర్రున తిప్పితే అది చెదిరి, అంచు పొడవునా సర్దుకుని ఆరుతుంది. పిన్ వచ్చి అంచు మీద ఒకచోట కొడితే ఇత్తడి నలిగి, లోపలి మందు అంటుకుంటుంది. అంచున పేలుతుంది కాబట్టి రిమ్‌ఫైర్.

పేచీ అంతా ఇక్కడే. చిన్న స్ప్రింగు దెబ్బకే నలగాలంటే అంచు పలచగా ఉండాలి. ఆ మరుక్షణమే చదరపు అంగుళానికి 24,000 పౌండ్ల దాకా లేచే ఒత్తిడిని అదే అంచు అడ్డుకోవాలి. అటూ ఇటూ కాని ఆ మందమే ఈ తూటాను ఇన్నేళ్లు బతికించింది, దాని జబ్బులన్నిటికీ మూలమూ అదే.

పారిస్‌లో లూయీ నికొలా ఫ్లోబేర్ 1845లో దీనికి బీజం వేశాడు. ఆనాటి తుపాకులకు నిప్పు అందించే చిన్న లోహపు టోపీని కాస్త పెద్దది చేసి, దాని మూతికి ఒక గుండు బిగించాడు. వేరే మందు పోయలేదు. టోపీలోని నిప్పుమందే గుండును తోసేది. పెద్దింటి హాళ్లలో సరదాగా గురి చూసి కాల్చుకోవడానికి అది చాలింది. అమెరికాలో హొరేస్ స్మిత్, డేనియల్ వెసన్ అనే ఇద్దరు ఆ గుల్లను పొడిగించి, 4 గ్రెయిన్ల నల్లమందు నింపి, 1857లో ఏడు తూటాల రివాల్వర్‌తో సహా బజారుకు తెచ్చారు.

గుల్ల తంటా ఆ తొలి రివాల్వర్‌తోనే మొదలైంది. అప్పటి గుల్ల మెత్తని రాగిది. పేలగానే అడుగు వెనక్కి ఉబ్బి, వెనకున్న ఇనుముకు ఒరుసుకుని సిలిండర్‌ను తిరగనిచ్చేది కాదు. స్మిత్, వెసన్ పన్నిన ఉపాయం నాకు భలే నచ్చుతుంది. తూటాల వెనక సిలిండర్‌తోపాటే తిరిగే గుండ్రటి పళ్లెం ఒకటి అమర్చారు. గుల్ల ఉబ్బితే ఉబ్బనీ, దానికి ఆనుకున్న పళ్లెం కూడా దాంతోపాటే తిరుగుతుంది కదా. రోగం కుదరకపోయినా పని ఆగలేదు.

పెద్ద సైజు రిమ్‌ఫైర్లూ కొంతకాలం వెలిగాయి. 1860 నాటి హెన్రీ రైఫిల్ కాల్చింది పాయింట్ 44 రిమ్‌ఫైరే. ఒత్తిడి పెంచాలంటే అంచు మందం పెంచాలి, మందం పెంచితే పిన్ దెబ్బకు నలగదు. నడిమధ్య ప్రైమర్ ఉండే సెంటర్‌ఫైర్ తూటాలు కుదురుకున్నాక అవన్నీ వరసగా మూలపడ్డాయి. చిన్నది మిగిలింది. 1887లో స్టీవెన్స్ కంపెనీ 40 గ్రెయిన్ల, అంటే 2.6 గ్రాముల గుండుతో తెచ్చిన లాంగ్ రైఫిల్ తూటానే ఇవాళ ఎన్‌సీసీలోనూ ఒలింపిక్స్‌లోనూ కాలుస్తున్నారు.

రాగి స్థానంలో ఇత్తడి వచ్చింది. ఇత్తడి జబ్బుల్లో ఒకటి బయటపడింది మన దేశంలోనే. బ్రిటిష్ సైన్యం వానాకాలంలో తూటాలను గుర్రపుశాలల్లో దాచేది. తర్వాత తీసి చూస్తే, ఎవరూ కాల్చకుండానే గుల్లలు పగిలి ఉండేవి. ఈ పగుళ్లకు సీజన్ క్రాకింగ్ అని పేరు పెట్టారు. 1921లో మూర్, బెకిన్సేల్, మాలిన్‌సన్ అనే ముగ్గురు పరిశోధకులు అసలు కారణం తేల్చారు. చల్లగా ఉన్న ఇత్తడిని అచ్చులోంచి లాగి గుల్లగా సాగదీసినప్పుడు లోహంలో బిగువు మిగిలిపోతుంది. గుర్రాల మూత్రంలోంచి లేచే అమ్మోనియా తగలగానే బిగువున్న చోట చీలిక పుడుతుంది. విరుగుడు మన కంచరులకు ముందే తెలుసు. సుత్తి దెబ్బలకు గట్టిపడిన చెంబును మళ్లీ కొలిమిలో పెట్టి మెత్తబరచినట్టే, గుల్లనూ తగినంత వేడిచేసి ఆ బిగువు తీసేయాలి. అమ్మోనియా కలిసిన ద్రావకాలు తూటాలకు తగలనివ్వొద్దని ఇప్పటికీ చెప్పేది అందుకే.

నిప్పుమందుదీ ఒక పాపం ఉంది. పొటాషియం క్లోరేట్ కలిపిన పాత మిశ్రమం కాలాక బ్యారెల్‌లో ఉప్పు మిగిల్చేది. ఉప్పు చెమ్మ పీల్చి తుప్పు పట్టించేది. తుప్పు తిన్న ఛాంబర్ (తూటా కూర్చునే చోటు) గోడకు గుల్ల కరుచుకుపోయి బయటికి వచ్చేది కాదు. 1920ల్లో తుప్పు పట్టించని మందులు వచ్చాకే ఆ బెడద తగ్గింది.

పిస్టల్‌లో గుల్లకు ఇంకో ఉద్యోగం కూడా పడింది. జాన్ బ్రౌనింగ్ రూపకల్పనతో కోల్ట్ కంపెనీ 1915లో తెచ్చిన, తర్వాత వుడ్స్‌మన్ అని పేరుపడిన పిస్టల్‌లో వెనక్కి జారే భాగాన్ని, అంటే స్లైడ్‌ను, బిగించి ఉంచే తాళం లేదు. గుండు ముందుకు పోతుంటే గుల్ల వెనక్కి తన్ని స్లైడ్‌ను తోస్తుంది. ఒత్తిడి తగ్గేదాకా దాన్ని పట్టి ఉంచేవి స్లైడ్ బరువూ స్ప్రింగూ మాత్రమే. వేగం పెంచిన తూటాలు వచ్చేసరికి 1932లో కోల్ట్ ఆ పిస్టల్ స్ప్రింగు ఉండే భాగాన్ని గట్టిపరచాల్సి వచ్చింది.

ఇప్పుడు గుల్లను చేతిలోకి తీసుకుందాం. పిస్టల్ పేలలేదు, అంచు మీద పిన్ గుర్తు లోతుగానే ఉంది. అయితే సరిగ్గా అక్కడ మందు సర్దుకోలేదన్నమాట. అంచు తిప్పి కాలిస్తే పేలేది అందుకే. గుర్తు పైపైన ఉంటే అనుమానం తుపాకీ మీదికి మళ్లుతుంది: పిన్ అరిగిందా, స్ప్రింగు నీరసించిందా, ఛాంబర్‌లో మసి పేరుకుని తూటా పూర్తిగా కూర్చోలేదా? మూడోదే ఎక్కువ. పూర్తిగా కూర్చోని తూటా ఒక్కోసారి పేలనూ పేలుతుంది. అప్పుడు గుల్ల అడుగుభాగానికి ఛాంబర్ గోడ ఆసరా ఉండదు, ఒక పక్క బుడిపెలా ఉబ్బుతుంది, లేదా చిట్లి వేడిగాలి మ్యాగజైన్ వైపు చిమ్ముతుంది. కళ్లద్దాలు పెట్టుకోమనేది వట్టి మర్యాదకు కాదు. అంతా శుభ్రంగా ఉన్నా బుడిపె వస్తుంటే, స్ప్రింగు బలహీనపడి స్లైడ్ తొందరగా తెరుచుకుంటోందేమో చూడాలి.

నిలువు చీలికలైతే ఇంకో రకం తూటాలు పెట్టి చూడాలి. వాటిలోనూ చీలితే ఛాంబర్ అరిగి వదులైంది. చీలకపోతే ఆ పెట్టెలోని ఇత్తడే పెళుసు. గుల్ల ఒళ్లంతా మసి పట్టిందంటే అది ఛాంబర్‌ను మూసేంతగా వ్యాకోచించలేదు. ఖాళీ పిస్టల్‌ను పదేపదే టకటకలాడించే అలవాటున్న చోట పిన్ వెళ్లి ఛాంబర్ అంచును కొట్టి బొడిపె లేపుతుంది. తూటా లోపలికి పోవడానికీ బయటికి రావడానికీ ఆ బొడిపే అడ్డు.

మా వైపు మరో శత్రువు దుమ్ము. పాయింట్ 22 గుండు సీసానిది, పూత బయటే ఉంటుంది, చాలావాటికి మైనమో జిడ్డో. నాపరాయి పాలిష్ ఫ్యాక్టరీల ధూళి గాలిలో ఉండే డోన్, బేతంచెర్లలో తూటాలను మూతలేని పెట్టెలో ఉంచితే ఆ జిడ్డు రాతిపొడిని పట్టుకుంటుంది. అది ఛాంబర్‌లో మసితో కలిసి గట్టిపడుతుంది. పిస్టల్ మారుస్తామనే ముందు బ్రష్షుతో ఛాంబర్ తోమి చూడటం చవక.

పోటీలో ఇంత తీరిక ఉండదు. 2023 హాంగ్జౌ ఆసియా క్రీడల్లో హైదరాబాద్ అమ్మాయి ఇషా సింగ్ వ్యక్తిగత రజతం, జట్టు స్వర్ణం గెలిచిన 25 మీటర్ల పిస్టల్ ఈ తూటాదే. అందులో ర్యాపిడ్ దశలో 3 సెకన్లే గడువు, ఒక్క తూటా కాల్చి చేయి దించాలి, 7 సెకన్ల తర్వాత మళ్లీ. గుల్ల ఇరుక్కుంటే పిస్టల్‌ను లక్ష్యం వైపే ఉంచి, రెండో చేయి పైకెత్తి అధికారిని పిలవాలి. ఆయన చూడకముందే స్లైడ్ లాగితే ఆ లోపాన్ని లెక్కలోకి తీసుకోరు, కాల్చని గుండ్లకు సున్నాలే.

పేలని తూటాతో తొందర పనికిరాదని మా క్వారీ కూలీలకు ఒకరు చెప్పనక్కర్లేదు. మందు ఆలస్యంగా అంటుకోవచ్చు గనుక కనీసం 30 సెకన్లు పిస్టల్ మూతిని లక్ష్యం వైపే పెట్టి ఆగాలి. ఇంకా ప్రమాదం, టప్‌మని నీరసంగా పేలి గుల్ల మామూలుగానే బయటపడ్డప్పుడు. గుండు బ్యారెల్ మధ్యలో ఆగిపోయి ఉండొచ్చు, దాని వెనక ఇంకొకటి కాలిస్తే బ్యారెల్ ఉబ్బుతుంది. మ్యాగజైన్ తీసి, ఛాంబర్ ఖాళీ చేసి, పిస్టల్‌ను లైసెన్సున్న తుపాకీ మిస్త్రీకి ఇవ్వాలి. ఆ గుల్లనూ దాంతోపాటే ఇవ్వాలి.