పన్నెండు గంటల వంటకము

రంజాన్ నెలలో సాయంకాలము మదీనా కూడలినుండి చార్మినారు వైపు నడచువారికి పత్తర్‌గట్టిలో త్రోవ దొరకుట కష్టము. 1908లో మూసీ వరద నగరమును ముంచివేసిన పిమ్మట, 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి మండలి కట్టించిన రాతి కమానుల అంగళ్లివి. వీధి పేరు కూడ ఆ రాతినిబట్టి వచ్చినదే. ప్రొద్దు క్రుంకగానే దీపములు వెలుగును. ఖర్జూరముతో ఉపవాసము విరమించినవారును, ఉపవాసముతో సంబంధము లేనివారును ఒకే వరుసలో నిలిచి హలీమ్ గిన్నె అందుకొందురు. ఇంతమంది ఎదురుచూచు ఆ గిన్నెలో ఏమున్నది?

వేడుకతో ముడిపడిన తిండి అన్ని దేశములందును కలదు. ఇంగ్లండులో 1877లో మొదలైన వింబుల్డన్ టెన్నిసు పోటీలు చూడవచ్చిన జనము మీగడ పోసిన స్ట్రాబెరీలు తినుట ఆచారము. పోటీలు వేసవిలో జరుగును. అక్కడి తోటలలో ఆ పండు పక్వమగు కాలమును అదియే. రంజాన్ అట్లు ఒక ఋతువునకు కట్టుబడదు. చాంద్రమాన సంవత్సరమునకు 354 దినములే. మన పంచాంగము అధికమాసము చేర్చి ఆ లోటు పూడ్చుకొనును. ఇస్లాము పంచాంగములో అధికమాసము లేదు. కనుక ఏటేటా పండుగ సుమారు 11 దినములు ముందునకు జరుగును. మన దేశమున రంజాన్ ఉపవాసములు 2024లో మార్చి 12న, 2025లో మార్చి 2న మొదలైనవి. దాదాపు 33 ఏండ్లలో అది ఋతువులన్నిటిని చుట్టివచ్చును. ఇట్టి పండుగకు రెండు నెలలు మాత్రమే దొరకు పండు పనికిరాదు. గోధుమ, పప్పులు, మాంసము, నెయ్యి, సుగంధద్రవ్యములు ఎండకాలమైనను వానకాలమైనను లభించును.

దీని మూలము అరబ్బుల హరీస్. పదవ శతాబ్దపు బాగ్దాదు పాకగ్రంథమున ఇట్టి వంటకములు కనిపించును. నిజాము సైన్యములో కొలువు చేసిన అరబ్బుల సంతతివారు నివసించు బార్కస్‌లో హరీస్ నేటికిని వండుదురు. హైదరాబాదు వంటవారు దానికి మసాలా చేర్చిరి. 2010లో హైదరాబాదు హలీమ్‌నకు భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ పేరు పొందవలెనన్న 10 పాళ్లు మేకమాంసమునకు 4 పాళ్లు గోధుమ ఉండవలెను. రాగిపాత్రలో, కట్టెల బట్టీపై, 12 గంటలు ఉడుకవలెను.

పన్నెండు గంటలెందుకు? మాంసపు కండలను కట్టియుంచు పొరలలో కొల్లాజెన్ అను మాంసకృత్తు కలదు. ఇది మూడు పేటలు పురివేసిన త్రాడు వంటిది. నీటిలో సన్నని సెగపై చాలసేపు ఉంచినచో ఆ పురి విడిపోయి జెలటిన్ అను జిగురుగా మారును. పొరలు కరుగగానే కండనారలు ఒకదానినుండి ఒకటి విడివడును. ఈలోగా గోధుమలోని పిండిరేణువులు 60 డిగ్రీల సెంటీగ్రేడు ప్రాంతమున నీరు పీల్చి ఉబ్బి చిక్కనగును. అయినను రెండును తమంతతాము కలియవు. అందుకే పొడవైన పిడిగల కొయ్య రోకళ్లతో ఇద్దరు ముగ్గురు ఎదురెదురుగా నిలిచి గుండిగలో దంచుదురు. ఆ దంపుడుతో నారలు పొడవు చెడకుండ చీలిపోయి, వాని నడుమకు గోధుమపిండి, నెయ్యి చొచ్చుకొనును. గరిటెతో ఎత్తినపుడు హలీమ్ తీగసాగుట ఈ నారలవలననే.

ఇంటిలో ప్రెషర్ కుక్కరు వాడరాదా? వాడవచ్చును. అందులోని ఉష్ణోగ్రత 120 డిగ్రీల వరకు పోవును గనుక కొల్లాజెన్ గంటలోపుననే కరగును. కాని మూసిన పాత్రలో దంచుట కుదరదు. పిమ్మట మిక్సీలో వేసినచో బ్లేడు నారలను తెగకోయును. అపుడు మిగులునది చిక్కని గంజియే. నా నాలుకకు ఆ రెంటి తేడా మొదటి ముద్దలోనే తెలిసినది.

రాగి ఇనుముకంటె సుమారు అయిదు రెట్లు చక్కగా వేడిని ప్రసరింపజేయును. మంట ఒకచోట మండినను అడుగంతయు సమముగా వేడెక్కుటచే చిక్కని పదార్థము మాడదు. లోపల తగరపు కళాయి తప్పనిసరి. కళాయి పోయిన పాత్రలో పులుపు తగిలినచో రాగి ఆహారములో దిగి కడుపునకు కీడు చేయును.

మన ప్రాంతమున ఉపవాసము శీతకాలమందు 12 గంటలు దాటును, వేసవిలో 14 గంటలు దాటును. అంతసేపటికి కాలేయములోని చక్కెర నిలువ చాల తరిగియుండును. ఖర్జూరపు చక్కెర వెంటనే రక్తములో చేరును. హలీమ్‌లోని క్రొవ్వు, మాంసకృత్తులు జీర్ణకోశము ఖాళీయగుటను ఆలస్యపరచును గనుక చాలసేపు ఆకలి వేయదు. ఆ నెయ్యియే గుండెజబ్బు కలవారు చిన్న గిన్నెతో ఆగవలసిన కారణము.

పత్తర్‌గట్టినుండి ఇంటికి తెచ్చిన హలీమ్ చల్లారి గట్టిపడినచో పాడైనదని పారవేయనక్కరలేదు. అది జెలటిన్ పేరుకొనుట మాత్రమే. రెండు గంటలకు మించి బయట ఉంచక చల్లనిపెట్టెలో పెట్టి, తినునపుడు కొంచెము వేడినీరు కలిపి, పొగలు వచ్చువరకు కాచినచో మరల తీగసాగును. నిమ్మరసము మాత్రము దింపిన తరువాతనే పిండవలెను.