చంద్రుడిపై కాపురం సాధ్యమేనా?

శ్రీహరికోటలో రాకెట్ వదిలితే, మబ్బు లేని రోజున పొన్నేరి మేడల మీద నుంచే కనిపిస్తుంది. మనుషులు అక్కడ ఎప్పుడు కాపురం పెడతారని మన పిల్లలు అడుగుతున్నారు. పెద్దలు చెప్పదగిన సంగతులు ఇవి.

వెళ్లడం వేరు, ఉండడం వేరు. 2023 జూలై 14న ఇక్కడి నుంచి బయలుదేరిన చంద్రయాన్-3 ఆగస్టు 23న చంద్రుడిపై దిగింది. అక్కడ పగలు మన లెక్కలో సుమారు 14 రోజులు, రాత్రీ అంతే. ఆ రాత్రి చలి తర్వాత ల్యాండర్, రోవర్ మళ్లీ పనిచేయలేదు. యంత్రాలకే అలా ఉంటే మనుషుల మాటేమిటి?

సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున ఉన్న అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో 2000 నవంబరు నుంచి మనుషులు ఉంటున్నారు. మూత్రం, చెమట శుద్ధి చేసి 98 శాతం నీటిని తిరిగి వాడుకోగలుగుతున్నారు. తిండి మాత్రం భూమి నుంచే వెళ్లాలి. అంగారకుడికైతే ప్రయాణానికే ఆరు నెలలకు పైగా పడుతుంది. అనువైన సమయం 26 నెలలకు ఒకసారే వస్తుంది. 2040 నాటికి భారతీయుణ్ణి చంద్రుడిపైకి పంపాలన్నది మన దేశ లక్ష్యం. అది వెళ్లి రావడమే, కాపురం కాదు.

అక్కడ చుక్క నీరు వదలరు. మన పక్కనే మీంజూరు ప్రాంతంలో బోర్లతో అతిగా తోడడం వల్ల భూగర్భంలోకి సముద్రపు ఉప్పునీరు చేరింది. కాబట్టి అక్టోబరు వానలకు ముందే ప్రతి ఇంట్లో వాననీటి గుంటను శుభ్రం చేయించండి. ఎందుకో పిల్లలకు కూడా చెప్పండి.