మిర్చి ఎగుమతి: కొనుగోలు కన్నా రవాణాలోనే కిటుకు

మిర్చి వ్యాపారంలో సరుకు కొనడం ఒక ఎత్తు, దానిని అనుకున్న రోజుకు గమ్యం చేర్చడం మరొక ఎత్తు. యార్డులో ఒకే రోజున ఒకే రకాన్ని ఒకే ధరకు కొన్న ఇద్దరు వర్తకులలో ఒకరికి లాభం, మరొకరికి నష్టం రావచ్చు. ఆ తేడా తరచు దారిలోనే తేలుతుంది. 2020లో గుంటూరు నుంచి బంగ్లాదేశ్‌కు జరిగిన ఎగుమతులు ఇందుకు మంచి ఉదాహరణ.

అంతకుముందు గుంటూరు ఎండుమిర్చి కొద్ది కొద్ది మొత్తాలలో లారీలపై బంగ్లాదేశ్‌కు వెళ్లేది. కిరాయి టన్నుకు సుమారు 7,000 రూపాయలు. లాక్‌డౌన్‌తో రోడ్డు దారి మూసుకుపోగా ఎగుమతిదార్లు గూడ్సు రైళ్లను ఆశ్రయించారు. అయితే గూడ్సుకు ట్రిప్పుకు 1,500 టన్నులకు పైగా సరుకు కూడగట్టాలి. 40 కిలోల బస్తాల లెక్కన 37,500 బస్తాలు! ఇది చిన్న వర్తకునికి తలకు మించిన భారం.

ఈ చిక్కు విడదీయడానికి దక్షిణ మధ్య రైల్వే గుంటూరు డివిజన్ 2020 జూలైలో 16 పార్శిల్ వ్యాన్లతో ప్రత్యేక రైలును రెడ్డిపాలెం నుంచి బేనాపోల్‌కు నడిపింది. భారతీయ రైల్వేలు బంగ్లాదేశ్‌కు నడిపిన మొదటి ప్రత్యేక పార్శిల్ రైలు ఇదే. ట్రిప్పుకు 500 టన్నుల లోపు సరుకున్నా పంపుకొనే వీలు కలిగింది. కిరాయి టన్నుకు 4,608 రూపాయలు. అనగా లారీ కన్నా క్వింటాలుకు సుమారు 239 రూపాయలు ఆదా.

అయితే ఈ 239 రూపాయలూ జేబులో పడినట్లే అనుకోరాదు. శీతల గిడ్డంగి నుంచి స్టేషనుకు బాడుగ, హమాలీ ఖర్చులు చూసుకోవాలి. వీటికి మించినది వడ్డీ. క్వింటాలు 15,000 రూపాయలనుకుంటే, నూటికి నెలకు రూపాయిన్నర వంతున వడ్డీ 225 రూపాయలవుతుంది. రైలు నిండేదాకా నెల రోజులు ఆగితే ఆదా దాదాపు అంతా వడ్డీకే సరి. పది రోజులలో లోడింగు ముగిస్తే వడ్డీ 75 రూపాయలే. మిగిలిన దానిలో కొంత కొనుగోలుదారునికి తగ్గించి ఆర్డరు దక్కించుకోవచ్చు. పోటీలో నెగ్గడమంటే ఇదే.

తలా 50 టన్నులున్న పదిమంది కలిస్తే 500 టన్నులవుతుంది. కాని కలయికకు కట్టుబాటు అవసరం. తేజ, 334 వంటి రకాలు కలగాపులగం కాకుండా బస్తాలపై ఎవరి మార్కు వారు వేయాలి. తేమ ముందే చూసుకోవాలి. ఎగుమతి పత్రాలు లోడింగు నాటికే సిద్ధం కావాలి. ఒక్కరి కాగితం ఆలస్యమైతే పదిమంది సరుకూ ఆగిపోతుంది.

పై కిరాయిలు 2020 నాటివి. రేట్లు మారినా లెక్క మారదు. యార్డు ధరకు కిరాయి, హమాలీ, వడ్డీ, రోజులు కలిపి గమ్యం చేరేసరికి పడే ధర కట్టిన తరువాతనే బేరానికి దిగడం క్షేమం.