పిల్లలు మాట్లాడిన నిమిషాలు

"బీఈడీ మేడమ్‌లు వచ్చిండ్రు!" జిల్లా పరిషత్ హైస్కూల్ గేటు దాటేలోపే ఈ కేక మాకన్నా ముందు తరగతి గదులకు చేరిపోతుంది. చంకలో చుట్టిన చార్టులు, భుజాన రికార్డుల సంచి. పిల్లలకు మేం పండగ చుట్టాలం. కొట్టం, కోప్పడం, కొన్నాళ్లకు వెళ్లిపోతాం. బడికి మాత్రం ఖాళీ పీరియడ్లలో కూర్చోబెట్టడానికి దొరికిన మనుషులం. చుట్టానికీ టీచరుకూ మధ్య ఎక్కడో నిలబడి ఇంగ్లిష్ చెప్పడం నేర్చుకోవాలి. ఛాత్రోపాధ్యాయురాలిగా నా అనుభవం అక్కడిదే.

ఒకప్పుడు బీఈడీ ఏడాది చదువు. ఎన్‌సీటీఈ 2014 నిబంధనల వల్ల 2015-16 నుంచి రెండేళ్లయింది. బడిలో గడిపే కాలం మొత్తం 20 వారాలు: మొదటి ఏడాది 4, రెండో ఏడాది 16. ఇది మంచి మార్పని గట్టిగా నమ్ముతాను. అయితే బడికి వెళ్లేముందు కాలేజీలో మైక్రో టీచింగ్ ఉంటుంది. 1963లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మొదలైన ఈ పద్ధతి మన దగ్గర 36 నిమిషాల చక్రంగా స్థిరపడింది. ఆరు నిమిషాలు పాఠం చెప్పాలి, లోపాలు విని, దిద్దుకుని, మళ్లీ చెప్పాలి. అక్కడ విద్యార్థులుగా కూర్చునేది మా తోటివాళ్లే. అడగ్గానే జవాబు చెప్పేస్తారు. ఎనిమిదో తరగతిలో అడిగితే ఎవరూ పలకరు. ఆ మౌనం ముందు ఏం చేయాలో ఆ 36 నిమిషాల్లో ఎక్కడా లేదు.

బడికి వస్తూ దారిలో ఏం చూశారని ఇంగ్లిష్‌లో అడిగాను. ముందు బెంచీలో చురుకైన పిల్ల నోట్సు తెరిచి జవాబు వెతకడం మొదలుపెట్టింది. ఆమె దారి గురించి ఆమెకు తెలిసినంత ఆ నోట్సుకు తెలియదు కదా! కానీ ఇంగ్లిష్ జవాబు అంటే బోర్డు మీంచి దిగి నోట్సులో ఉండేదని ఆ పిల్లకు ఏళ్ల తరబడి అలవాటైపోయింది. ఒక లైను చదవడం, తెలుగులో అర్థం చెప్పడం, ప్రశ్నలకు జవాబులు బోర్డు మీద రాయడం, పిల్లలు ఎక్కించుకోవడం: చాలాచోట్ల పాఠం నడిచేది ఇలాగే. అందుకు టీచర్లను నిందించలేను. చదవడం రాని పిల్లలూ పేరాలు గడగడా చదివే పిల్లలూ ఒకే గదిలో ఉంటారు, పరీక్ష మాత్రం అందరికీ ఒకటే.

తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 2022-23లో ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు ఇంగ్లిష్ మీడియం వచ్చింది. ఎదురెదురు పేజీల్లో తెలుగు, ఇంగ్లిష్ ఉండే పుస్తకాలు ఇచ్చారు. దానితో మా పీరియడ్ మీద బరువు పెరిగింది. ఇక్కడ నోరు తిరగని వాక్యం సామాన్యశాస్త్రం పీరియడ్‌లోనూ పిల్లవాడికి అడ్డు పడుతుంది.

తరగతిలో మౌనం గురించి నాకు ఎక్కువ నేర్పింది మేరీ బడ్ రోవ్ పరిశోధన. 1970లలో అమెరికా సైన్స్ తరగతులను పరిశీలించిన ఆమె, టీచర్లు ప్రశ్న అడిగాక సగటున ఒక్క సెకను కూడా ఆగడం లేదని గుర్తించారు. మూడు సెకన్లు, అంతకన్నా ఎక్కువ ఆగినచోట జవాబుల పొడవు పెరిగింది, జవాబు చెప్పేవాళ్లూ పెరిగారు. పరాయి భాషలో జవాబు వెతుక్కునే పిల్లలకు మూడు కూడా చాలవని నా తరగతి చూస్తే అనిపించింది. ప్రశ్న అడిగి, మళ్లీ అడగకుండా, తెలుగులోకి మార్చకుండా, నవ్వుతూ నిలబడాలి. సూపర్‌వైజర్ గారు వెనక కూర్చుని చూస్తుంటే ఆ నిలబడటం చాలా కష్టం.

మౌనం పూర్తిగా విరిగింది బస్సుల పాఠంతో. 1979 నుంచి 1984 దాకా ఎన్.ఎస్. ప్రభు నడిపిన బెంగళూరు ప్రాజెక్టు గురించి మెథడాలజీలో చదివాం. వ్యాకరణం విడిగా చెప్పకుండా మ్యాపులు, రైళ్ల వేళలు వంటివి ఇచ్చి, పిల్లల చేత లెక్క తేల్పిస్తూ భాష నేర్పిన ప్రయోగం అది. నేను ఊరి నుంచి వెళ్లే ఆర్టీసీ బస్సుల వేళలు బోర్డు మీద రాశాను. నానమ్మ పదింటికల్లా పెద్దాసుపత్రిలో ఉండాలి, ఏ బస్సు ఎక్కించాలి?

"ఫస్ట్ బస్ టూ ఎర్లీ మేడమ్!"

"ఎయిట్ థర్టీ బస్ ఫుల్ రష్. టికెట్ ఫ్రీ మేడమ్, సీట్ నో!"

ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం ఇచ్చిన మహాలక్ష్మి పథకంతో మారిన బస్సు ప్రయాణం మొత్తం ఆ ఒక్క జవాబులో ఉంది. ఇంకొకడు లేచి తన కుటుంబం గురించి చెప్పాడు: "మై ఫాదర్ ఆటో డ్రైవర్. హి కమింగ్." అందులో 'ఈజ్' లేదు. తెలుగులో 'మా నాన్న ఆటో డ్రైవర్' అంటే చాలు, క్రియ లేకుండానే వాక్యం నిండుతుంది. పిల్లవాడు తన భాష నేర్పిన పద్ధతినే నమ్ముకున్నాడు. నేర్చుకునేవారి తప్పుల్లో ఒక క్రమం ఉంటుందని, నేర్చుకోవడం ఎలా సాగుతోందో ఆ తప్పులే చెబుతాయని భాషాశాస్త్రవేత్త పిట్ కార్డర్ 1967లోనే రాశారు. అక్కడికక్కడే ఆపి దిద్ది ఉంటే ఆటో ఎన్నింటికి వస్తుందో మాకు తెలిసేది కాదు. "ఓ, హి ఈజ్ కమింగ్? ఎట్ వాట్ టైమ్?" అని నా ప్రశ్నలోనే సరైన వాక్యం వినిపించి ముందుకు సాగాను.

చివరి బెంచీలో తండా నుంచి వచ్చే అమ్మాయి ఒకతె ఉంది. పరీక్ష మార్కుల్లో వెనక, మాటల్లో ఇంకా వెనక. బస్సుల పాఠంలో నానమ్మకు తెలుగు రాదనుకుందాం, ఆమెకు ఎవరు చెబుతారని అడిగాను. పిల్లలందరూ ఆ అమ్మాయి వైపు తిరిగారు. నేను ఇంగ్లిష్‌లో అడిగింది విని లంబాడీల భాష గోర్ బోలీలో చెప్పింది, నానమ్మ వేషం కట్టిన తండా పిల్లవాడి జవాబు విని ఇంగ్లిష్‌లో నాకు అందించింది. ముక్కలు ముక్కలుగానే, కానీ ఒక్క సంగతి కూడా జారిపోకుండా. రేషన్ దుకాణం దగ్గరా ఆసుపత్రిలోనూ వాళ్ల నానమ్మకు తెలుగు వైపు నిలబడేది తనేనట. మూడు భాషల మధ్య మాట మోయగల పిల్లను మన మార్కుల జాబితా ఎక్కడ కూర్చోబెట్టిందో తలచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

ఆ పాఠానికి నాకు వచ్చిన వ్యాఖ్య: "తరగతి నియంత్రణ మెరుగుపడాలి." పరిశీలన పత్రంలో ప్రస్తావన, ప్రశ్నించే తీరు, నల్లబల్ల పని, బోధనోపకరణాలు, తరగతి నిర్వహణ అని గడులున్నాయి. అన్నీ టీచరు ఏం చేసిందన్నవే. ఎంతమంది పిల్లలు సొంత వాక్యం చెప్పారో రాయడానికి చోటు లేదు. అందుకే ఛాత్రోపాధ్యాయులు మెరిసే చార్టుల మీద రాత్రుళ్లు గడుపుతారు. మార్కులు అక్కడున్నాయి మరి.

భాషా పాఠం పరిశీలించే పత్రంలో ఒక గడి చేర్చాలని అడుగుతున్నాను: ఈ పీరియడ్‌లో పిల్లలు ఎన్ని నిమిషాలు మాట్లాడారు, వారిలో చివరి బెంచీల వాళ్లు ఎందరు? 16 వారాలూ వీలైనంత వరకు ఒకే తరగతితో ఉండనివ్వాలి, ఎందుకంటే నోరు విప్పడానికి కొందరికి నెల పడుతుంది. ఆ గడి నింపాల్సిన పర్యవేక్షకులు గంట కొట్టేదాకా పిల్లల పక్కన కూర్చోవాలి. ఐదు నిమిషాలు చూసి, రికార్డులో సంతకం పెట్టి పక్క గదికి వెళ్తే కుదరదు.