వేట రైఫిల్ ఎంత బరువుండాలి? ఆబిడ్స్ షాపులో తేలికే.. అడవిలో మాత్రం అసలు పరీక్ష!

తుపాకీ తేలిగ్గా ఉంటే మంచిదా? బరువుగా ఉంటే మంచిదా? వినడానికి చిన్న ప్రశ్నే. కానీ దీనికి తప్పు జవాబు ఎంచుకుంటే గురి తప్పుతుంది. గురి తప్పితే గాయపడ్డ జంతువు పొలాల్లోకి పారిపోతుంది. మర్నాడు పొద్దున్నే ఆ చేలోకి వెళ్లే కూలీల ప్రాణాల మీదకు వస్తుంది. అందుకే ఈ బరువు లెక్క కాల్చేవాడి సౌకర్యం ఒక్కటే చూసుకునే విషయం కాదు.

ముందుగా ఒక మాట. సరదా కోసం వేటాడటం మన దేశంలో నేరం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దాన్ని నిషేధించింది. మనుషులకు ప్రమాదంగా మారిన జంతువులు, పంటలు నాశనం చేసే అడవిపందుల లాంటి సందర్భాల్లోనే, అదీ అధికారిక అనుమతితోనే కాల్చాలి. తెలంగాణలో అడవిపందుల విషయంలో ఈ అనుమతి ఇచ్చే అధికారాన్ని ప్రభుత్వం గ్రామ సర్పంచులకు గౌరవ వన్యప్రాణి వార్డెన్ హోదాలో అప్పగించింది. అంటే ఈరోజు రైఫిల్ భుజాన వేసుకుని చేలగట్ల మీద నడిచేది ఎక్కువగా ఇలా అనుమతి ఉన్న షూటర్లే.

నిజాం కాలంలో బరువు ఎవరు మోశారు?

ఆబిడ్స్‌కు ఆ పేరు రావడానికి కారణం ఆల్బర్ట్ ఆబిద్. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో పనిచేసిన ఆయన ఇక్కడ షాపు నడిపారు. ఆ మహబూబ్ అలీఖాన్‌కు పులివేటగాడిగా పెద్ద పేరు. 1902లో వైస్రాయ్ లార్డ్ కర్జన్ కూడా హైదరాబాద్ సంస్థానానికి వచ్చి వరంగల్ జిల్లా నెక్కొండ వైపు పులివేట చేశారు. చంపిన పులి పక్కన కర్జన్ దంపతులు నిలబడ్డ ఫొటో ఇప్పటికీ కనిపిస్తూ ఉంటుంది.

ఆ రోజుల్లో పెద్ద జంతువుల కోసం వాడిన జోడు గొట్టాల రైఫిళ్లు మామూలువి కావు. పాయింట్ 577 నైట్రో ఎక్స్‌ప్రెస్ దాదాపు ఆరు కిలోలు. పాయింట్ 600 అయితే ఏడు కిలోల దాకా తూగేది. మరి అంత బరువు ఎలా మోశారు? మోసింది వాళ్లు కాదు! వేటకు వచ్చిన దొర ఏనుగు మీదో, మంచె మీదో కూర్చునేవాడు. తుపాకీ మోయడానికి వేరే మనిషి ఉండేవాడు. కాల్చే క్షణంలో మాత్రమే అది దొర చేతికి వచ్చేది.

కాలినడకన తిరిగినవాళ్ల లెక్క వేరు. 1907లో చంపావత్ నరభక్షక పులిని చంపినందుకు జిమ్ కార్బెట్‌కు బహుమతిగా ఇచ్చిన పాయింట్ 275 రిగ్బీ రైఫిల్ దాదాపు మూడున్నర కిలోలే. మన బొల్లారంలో 1910లో పుట్టిన కెన్నెత్ ఆండర్సన్ అప్పటి చిత్తూరు జిల్లా మామండూరు అడవుల్లోనూ తిరిగిన వేటగాడు. ఆయన చేతిలో ఉండేది పాయింట్ 405 వించెస్టర్.. అదీ నాలుగు కిలోల లోపే.

మరీ తేలికైతే ఏమవుతుంది?

తుపాకీ పేలగానే వెనక్కి తన్నుతుంది. తూటా ముందుకు ఎంత ఊపుతో వెళ్తుందో, తుపాకీ అంతే ఊపుతో వెనక్కి వస్తుంది. తుపాకీ బరువుగా ఉంటే ఆ వేగం తగ్గుతుంది, తేలిగ్గా ఉంటే పెరుగుతుంది. లెక్క ప్రకారం ఒకే తూటాను నాలుగు కిలోల రైఫిల్‌తో కాకుండా మూడు కిలోల రైఫిల్‌తో కాలిస్తే.. భుజం మీద పడే దెబ్బ శక్తి మూడో వంతు పెరుగుతుంది.

దెబ్బ కంటే దాని భయమే ఎక్కువ నష్టం చేస్తుంది. రెండు మూడు సార్లు గట్టిగా తన్నాక, ట్రిగ్గర్ లాగే ముందే కళ్లు మూసుకోవడం, భుజం వెనక్కి లాక్కోవడం అలవాటైపోతుంది. ఇక గురి ఎక్కడ కుదురుతుంది?

షాట్‌గన్ల కోసం బ్రిటిష్ తుపాకుల తయారీదారు గ్రీనర్ పేరు మీద ఒక పాత లెక్క ఉంది. అదే 96 సూత్రం. తూటాలోని గుళ్ల బరువుకు తుపాకీ 96 రెట్లు ఉండాలి. 32 గ్రాముల గుళ్లు వాడితే 32 ఇంటూ 96.. అంటే 3,072 గ్రాములు. 12 బోర్ తుపాకులు ఎక్కువగా మూడు కిలోల చుట్టూ ఉండేది ఇందుకే.

మరీ బరువైతే?

హైదరాబాద్ షూటర్ గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం గెలిచారు. ఆ పోటీలో రైఫిల్ 5.5 కిలోల దాకా ఉండొచ్చు. బరువున్న రైఫిల్ కదలకుండా నిలుస్తుంది కాబట్టి అక్కడ బరువు మేలే. కానీ పోటీలో షూటర్ ఒకేచోట నిలబడతాడు. చేలగట్టు మీద నాలుగు గంటలు నడవడు. అలసిన చెయ్యి వణుకుతుంది. ఆయాసంతో ఛాతీ ఎగిసిపడుతుంది. అలసట ఎక్కువైతే గొట్టం ఎటు తిరిగి ఉందో చూసుకునే జాగ్రత్త కూడా పోతుంది. పక్కన మనుషులు నడుస్తున్నప్పుడు అది అన్నిటికంటే పెద్ద ప్రమాదం.

షాపు బరువు వేరు.. అడవి బరువు వేరు!

ఆబిడ్స్, నాంపల్లి వైపు లైసెన్సు ఉన్న తుపాకుల షాపుల్లో కౌంటర్ మీద తీసి చూపించేది ఖాళీ తుపాకీ. చేతిలోకి తీసుకుంటే ‘అబ్బే, ఏముంది’ అనిపిస్తుంది. దానికి స్కోప్, దాని బిగింపులు కలిస్తే మరో అర కిలో. భుజాన వేసుకునే బెల్ట్, ఐదు తూటాలు కలిస్తే ఇంకో రెండు మూడు వందల గ్రాములు. 3.2 కిలోల రైఫిల్ నాలుగు కిలోలకు చేరిపోతుంది. కాబట్టి చూడాల్సింది మొత్తం సరంజామా బరువు.

నడిచి తిరిగేవారికి అన్నీ కలిపి మూడున్నర నుంచి నాలుగు కిలోలు అనేది అనుభవం మీద కుదిరిన లెక్క. కాల్చే తూటా శక్తి పెరిగితే బరువూ కొంచెం పెరగాలి. మంచె మీద కూర్చునేవారికి ఇంకాస్త బరువున్నా ఇబ్బంది లేదు. బరువు రెండు చేతుల మధ్య సమంగా పడటం కూడా ముఖ్యం. అదే బరువు గొట్టం చివరన పడితే రెట్టింపు అనిపిస్తుంది.

కొనేముందు లైసెన్సులో ఏ రకం ఆయుధానికి అనుమతి ఉందో చూసుకోవాలి. షాపులో ఖాళీ తుపాకీని, ఖాళీ అని నిర్ధారించుకున్నాకే, భుజానికి ఆనించి ఒక నిమిషం కదలకుండా పట్టుకుని చూడాలి. నిమిషానికే ముందు కొన కిందికి వాలిపోతుంటే.. అది ఆ చేతులకు సరిపోయే తుపాకీ కాదు.